గన్ను దగ్గర మనిషి

కెప్టెన్ బసవపున్నయ్య మా గడప ఎక్కిన రోజున నేను పశువుల పాక బొమ్మలకి రంగులేస్తున్నాను. క్రిస్మస్ దగ్గరపడితే వన్ టౌన్‌లో మా ఇంటికి చుట్టుపక్కల గుళ్ళ నుంచి మనుషులు వస్తూనే ఉంటారు. మరియమ్మ కావాలని ఒకరు, ఒంటె కాలు విరిగిందని ఒకరు. ఈయన కూడా అలాంటి పని మీదే వచ్చాడేమోనని తలెత్తాను. చూడగానే ఒళ్ళు భగ్గుమంది. ఆ మీసం, ఆ గొంతు, చంకలో ఆ పొట్టి బెత్తం, రెండేళ్ళయితే మాత్రం ఎలా మర్చిపోతాను? చేతిలో కుంచె తీసుకెళ్ళి ఆయన కంట్లో పొడవకుండా నన్ను నేను ఆపుకున్నాను.

ఆయన మాత్రం నన్ను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాడు? చల్లపల్లిలో మైకు ముందు నిలబడి మా తమ్ముడి పరువు తీసిన రోజున నేను కింద జంపఖానా మీద, ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాను. వేదిక మీద ఉన్నవాళ్ళకి కింద కూర్చున్నవాళ్ళ ముఖాలు కనపడవు.

ముందు ఆ సంగతి చెప్పాలి. మా తమ్ముడు బాలశౌరి మిలటరీలో సిపాయి. డెబ్భై ఒకటి డిసెంబరు యుద్ధంలో, తూర్పున ఎక్కడో ఒక కాలవ వంతెన దగ్గర చనిపోయాడు. శవం రాలేదు, టెలిగ్రాం వచ్చింది. ఆ తర్వాతి నెలలో, యుద్ధం చేసి వచ్చినవాళ్ళకి చల్లపల్లిలో సన్మానం పెట్టారు. బాలశౌరి కంపెనీ కెప్టెన్ మన జిల్లావాడేనని, ఆయనే వస్తున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. మా అమ్మ శౌరమ్మని కొత్త చీర కట్టించి మరీ మొదటి వరసలో కూర్చోబెట్టారు. కొడుకు పేరు మైకులో వినపడుతుందని ఆవిడ పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

కెప్టెన్ గారు ఆయన గొప్పలు ఆయనే చెప్పుకుని, దండ వేయించుకుని కూర్చోబోతున్నాడు. బాలశౌరి పేరే రాలేదు. మా ఊరి బడి మాస్టారు అబ్రహాముగారు ఉండబట్టలేక లేచి నిలబడి, "మా కుర్రాడు బాలశౌరి గురించి కూడా రెండు మాటలు సెలవియ్యండి సార్" అన్నారు.

ఆయన కాసేపు బెత్తంతో అరచేతిలో కొట్టుకున్నాడు. తర్వాత మైకు దగ్గరికి వచ్చాడు. "నిజం చెప్పమంటే చెబుతాను. ఆ వంతెన దగ్గర మెషిన్‌గన్ మీద పెట్టింది మీ బాలశౌరినే. శత్రువు కనపడగానే గన్ను వదిలేసి పరిగెత్తాడు. వెనక నుంచి గుండు తగిలి పోయాడు. గన్ను దగ్గర మనిషి నిలబడి ఉంటే నా కుర్రాళ్ళు ఇంకో ముగ్గురు బతికేవాళ్ళు" అన్నాడు.

మా అమ్మ తలెత్తలేదు, ఏడవలేదు. ఆవిణ్ణి రెక్క పట్టుకుని లేపి నేనే ఇంటికి తీసుకొచ్చాను. దార్లో ఎవరూ మాతో మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి మాది పారిపోయినోడి ఇల్లు. పిల్లలు గోళీలాడుకుంటూ దెబ్బలాడుకుంటే "నువ్వో బాలశౌరివిరా" అని తిట్టుకునేవాళ్ళు. గుళ్ళో అమ్మ పక్కన కూర్చునేవాళ్ళు ఒకరొకరే అవతలికి జరిగారు. మా వాడు పారిపోయే రకం కాదని నాకు తెలుసు. చిన్నప్పుడు గేదె పొడవడానికొస్తే కూడా కదలకుండా నిలబడి దాన్ని తిట్టేవాడు, వాడి మొండితనం అలాంటిది. "ఋజువేదే తెరేసా?" అనేవాడు మా ఆయన జాన్‌బాబు. ఋజువు లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఏ నోటితో ఆ మాట అన్నాడో ఆ నోటితోనే, నలుగురిలో, మా తమ్ముడు పారిపోలేదని ఆ మనిషి చెప్పాలి. చెప్పించకుండా చస్తే నేను తెరేసమ్మనే కాదు.

అలాంటి మనిషి నా గడపలో నిలబడి నా బొమ్మలకేసి చూస్తూ, "బాగా చేస్తావే! సోల్జర్స్‌ని చేయగలవా? బొటనవేలంత ఉండాలి" అన్నాడు.

"చేస్తానండీ" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని అంతా వివరించాడు. మిలటరీ నుంచి బయటికి వచ్చి భవానీపురంలో ఇల్లు కట్టుకున్నాడట. తోచుబాటు కోసం బల్ల మీద యుద్ధం ఆడుతున్నాడట. వార్ గేమ్ అంటారట దాన్ని. బల్ల మీద ఊళ్ళూ కాలవలూ పేర్చి, చెరో సైన్యాన్నీ పెట్టుకుని, కొలిచి నడిపించడం, పాచికలు వేసి కాల్చుకోవడం. ఈయనకి జోడీ వెంకటప్పయ్య గారు, మా వీధి చివర చేనేత బట్టల టోకు వ్యాపారి. ఇద్దరి దగ్గరా మద్రాసులో కొన్న ప్లాస్టిక్ దొరల సైన్యాలు ఉన్నాయట. "ఇప్పుడు నాకు నా కంపెనీ కావాలి. మా కల్నల్ గారు వస్తున్నారు. మా పటాలం చరిత్ర పుస్తకంగా రాస్తున్నారాయన. ఆ వంతెన యుద్ధం ఎలా జరిగిందో బల్ల మీద చూపిస్తే, చూసింది చూసినట్టు అందులో రాస్తానన్నారు."

ఇన్నాళ్ళూ నోటి మాటే, ఇంక అచ్చులోకి ఎక్కుతుందన్నమాట. మా తమ్ముడు పారిపోయాడని పుస్తకంలో పడితే దాన్ని చెరిపేవాళ్ళెవరు?

ఆయన వెళ్ళాక జాన్‌బాబుతో చెప్పాను. మా ఆయన ప్రెస్సులో అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరు, నెమ్మదస్తుడు. "ఇదంతా ఎందుకే? సుత్తి పట్టుకెళ్ళి ఆయన నెత్తి మీద ఒక్కటిచ్చి రా, తొందరగా తేలిపోద్ది" అన్నాడు. నేను నవ్వలేదు. నవ్వలేదని చూసి, మర్నాడు ప్రెస్సులో అరిగిపోయి మూలన పడేసిన టైపు ఓ సంచీడు అడిగి తెచ్చి నా ముందు పెట్టాడు. "అచ్చు సీసం. పోత పోస్తే మీసం కూడా తేలుద్ది. కానీ పెళుసు, వంచితే విరుగుద్ది, జాగ్రత్త" అన్నాడు.

ఆ పనిలో నేను తల మునిగిపోయాను. మైనంతో ముందు ఒక బొమ్మ చెక్కడం, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి రెండు చిప్పలుగా అచ్చు తీయడం, కరిగించిన సీసం పోయడం, ఆకురాయితో అంచులు అరగదీయడం. అందరికీ ఒకే అచ్చు, కానీ ఒకడిలా ఇంకొకడు ఉంటే కెప్టెన్ గారు ఊరుకోడు. చెయ్యి కోసి పైకి తిప్పి సీసంతో అతికి మాటు పెట్టాలి, మోకాలు కోసి మడిచి మాటు పెట్టాలి. గురి చూసేవాడు, బోర్లా పడుకున్నవాడు, గుండు తగిలి ఒరిగిపోతున్నవాడు, నీళ్ళు తాగేవాడు. రెండు రోజులకోసారి వచ్చి బెత్తంతో పొడుస్తూ తప్పులు పట్టేవాడు. "వీడి మోచెయ్యి నేలకి ఆనాలి." "వీడి తల ఇంత పైకుంటే ఈపాటికి ఎగిరిపోయుండేది." ఆయన బొమ్మ కూడా చేయించుకున్నాడు, చెయ్యెత్తి ముందుకు పదండి అంటున్నట్టు. ఆ ఒక్క బొమ్మ పొట్టని మూడుసార్లు అరగదీయించాడు.

ఒక రోజు వచ్చి, "ఇంకొకటి చెయ్యాలి. గన్ను వదిలి పారిపోతున్నవాడు" అన్నాడు.

నేను మైనం ముద్ద చేతిలోకి తీసుకున్నాను. "ఎలా ఉండాలండీ?"

"చేతులు ఖాళీగా ఉండాలి. తల వెనక్కి తిప్పి చూస్తూ పరిగెత్తాలి. మొహంలో భయం కనపడాలి."

ఆయన చెబుతుంటే మైనం ముద్ద నా చేతిలో నలిగిపోయింది. ఆ బొమ్మ నేనే చేశాను. వేరేవాళ్ళతో చేయించే మార్గం లేదు కదా. నాతో పెరిగినవాడు, నా ఎడమ పక్కన పడుకుని కథ చెప్పమని పీడించినవాడు, వాడికి పరిగెత్తే కాళ్ళు పెట్టాను, బెదిరిన కళ్ళు పెట్టాను. చేస్తున్నంతసేపూ ఏడ్చాను, తిట్టాను. జాన్‌బాబు వచ్చి పక్కన కూర్చుని, ఆకురాయి అందిస్తూ ఉన్నాడు.

బొమ్మలు తయారైన కొద్దీ వెంకటప్పయ్య గారి కొట్టు మేడ మీదికి చేరవేసేదాన్ని. అక్కడే వాళ్ళ ఆట. బట్టల బేళ్ళ మధ్య పెద్ద బల్ల, దాని మీద ఆకుపచ్చ అద్దకం గుడ్డ పరిచి పొలాలు, నీలం వాయిలు మడిచి కాలవ. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళిద్దరూ ఆడుకుంటుంటే, విరిగిన చేతులు అతికే నెపంతో నేనక్కడే ఓ మూల కూర్చునేదాన్ని. కొలతలకి వెంకటప్పయ్య గారి తాతల కాలం గజం బద్ద. మెషిన్‌గన్ దెబ్బ ఒక గజం పోతుంది, తుపాకీ దెబ్బ అర గజం. గన్ను పేలాలంటే పక్కన మనిషి బొమ్మ ఆని ఉండాలి, మనిషి లేని గన్ను చెక్కముక్కతో సమానం. ఇవన్నీ కెప్టెన్ గారు పెట్టిన రూల్సే.

ఆట కంటే నేను ఎక్కువగా చూసింది మనుషుల్ని. వెంకటప్పయ్య గారికి ఓడిపోవడమంటే ప్రాణం మీదికొస్తుంది. ఒక్క సిపాయి బొమ్మ పోయినా, "ఎందుకు పోయాడండీ? కొలవండి! మళ్ళీ కొలవండి!" అని యాగీ చేస్తాడు. ఇక కెప్టెన్ గారి సంగతి. ఆ వంతెన యుద్ధాన్ని ఎవరైనా చిన్నదిగా మాట్లాడితే మనిషి నిలువునా ఊగిపోతాడు. ఒకసారి వెంకటప్పయ్య గారు, "ఎంతైనా అదేదో కాలవ గట్టు మీద కొట్లాటే కదండీ" అన్నందుకు ఆ రోజు ఆట మధ్యలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఈ రెండూ చూశాక నాకు దారి దొరికింది.

ఆ వంతెన యుద్ధాన్ని వాళ్ళు అంతకుముందు ఎప్పుడూ బల్ల మీద ఆడలేదు. కల్నల్ గారి ముందు కూడా కెప్టెన్ గారు కథ చెబుతూ బొమ్మలు జరుపుతాడు, వెంకటప్పయ్య గారు శత్రువు వైపు నిలబడి తలూపుతాడు, అదీ ఏర్పాటు. నేను వెంకటప్పయ్య గారి దగ్గరికి వెళ్ళి, "ఏంటండీ, పెద్దమనుషుల ముందు ఊరికే ఓడిపోతారా? పాచికలు వెయ్యరా? కొలవరా?" అన్నాను.

"ఊరికే ఎందుకు ఓడిపోతానమ్మాయ్? నేనేమన్నా ఆయన జీతగాణ్ణా?" అన్నాడాయన మీసం తడుముకుంటూ.

ఇక నేను చేసింది ఒకటుంది. ఇత్తడి తీగని సన్నగా కత్తిరించి, కాల్చేసిన తూటాల డొప్పలు చేశాను. గన్ను పక్కన వెయ్యడానికి. ముక్కలు మాత్రం నాలుగంటే నాలుగే.

ఆదివారం రానే వచ్చింది. మేడ మీద కుర్చీలు వేశారు. వీధిలో వ్యాపారస్తులు, కెప్టెన్ గారి స్నేహితులు, పాత మిలటరీ వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. బొమ్మలు చూద్దురుగాని రమ్మని అబ్రహాము మాస్టార్ని కూడా మా ఊరి నుంచి పిలిపించాను. జాన్‌బాబు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కల్నల్ గారిది రాజమండ్రి వైపు, తల నెరిసిన సన్నటి మనిషి. ఎక్కువ మాట్లాడడు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బొమ్మలు ఎవరు చేశారు?" అని అడిగి, నాకేసి తలూపి కూర్చున్నాడు.

కెప్టెన్ గారు మొదలుపెట్టాడు. ఏం గొంతు, ఏం చేతులు! ఇక్కడ వంతెన, ఇక్కడ మెషిన్‌గన్, ఇటు వెనక గట్టు మీద తన కంపెనీ. "చీకటి పడగానే వాళ్ళు వంతెన మీదికొచ్చారు. వెంకటప్పయ్య గారూ, జరపండి." వెంకటప్పయ్య గారు తన వాళ్ళని వంతెన మొదట్లో నిలబెట్టాడు.

"సరిగ్గా ఇక్కడే మోసం జరిగింది సార్" అని కెప్టెన్ గారు నా తమ్ముణ్ణి రెండు వేళ్ళతో ఎత్తాడు. గన్నుకి బెత్తెడు దూరంలో, వెనక్కి తిరిగి పరిగెత్తుతున్నట్టు పెట్టాడు. "గన్నర్ పారిపోయాడు."

మాస్టారు తల దించుకున్నారు. నేను పళ్ళు బిగించి నిలబడ్డాను.

"అయితే నా వాళ్ళు వంతెన దాటేశారు" అన్నాడు వెంకటప్పయ్య గారు. అంటూనే బొమ్మల్ని చకచకా ఇటు గట్టుకి జరిపేశాడు.

"దాటలేదండీ" అన్నాడు కెప్టెన్ గారు. "తెల్లారేదాకా దాటలేకపోయారు. వెనక్కి పెట్టండి."

"ఎందుకు పెడతానండీ? గన్ను దగ్గర మనిషి లేడుగా! మనిషి లేని గన్ను పేలదని రూలు పెట్టింది మీరేగా!"

"గన్ను కాదు. వెనక గట్టు మీంచి మేం కాల్చాం."

"తుపాకులతోనా?" వెంకటప్పయ్య గారు గజం బద్ద తీశాడు. బట్ట కొలిచినట్టే బల్ల మీద పెట్టి, బొటనవేలు నొక్కి పట్టి కొలిచాడు. "చూసుకోండి, మీ గట్టు నుంచి వంతెనకి ముప్పాతిక గజం. తుపాకీ దెబ్బ అర గజమే. నా వాళ్ళకి ఒక్క గుండు కూడా తగలదు. నా వాళ్ళు దాటేశారంతే!"

వెనకెవరో నవ్వారు. కెప్టెన్ గారి మెడ ఎర్రబడింది. "ఇది ఆట కాదండీ, జరిగింది చెబుతున్నాను! వాళ్ళు దాటలేదు!"

"మరి ఎవరు ఆపారండీ?" అన్నాడు వెంకటప్పయ్య గారు. అమాయకంగానే అడిగాడు పాపం, బొమ్మలు పోతాయన్న బాధే తప్ప ఆయనకి వేరే ఆలోచన లేదు.

నేను గోడ దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చాను. "పెద్ద యుద్ధం ఏమీ కాదేమోనండీ. వాళ్ళే భయపడి ఆగుంటారు. నాలుగు గుళ్ళు పేలుంటాయి, అంతే. అందుకే నేను డొప్పలు కూడా నాలుగే వేశాను" అన్నాను, వీలైనంత వినయంగా.

కెప్టెన్ గారు గన్ను పక్కన చూశాడు. ఆ నాలుగు ఇత్తడి ముక్కలూ కనపడేసరికి మనిషికి ఒళ్ళు తెలియలేదు.

"నాలుగా! నాలుగు డొప్పలా! నీకేం తెలుసే యుద్ధం గురించి? పొద్దున మేం తిరిగొచ్చేసరికి ఆ గన్ను చుట్టూ డొప్పలు మోకాలెత్తు గుట్టగా పడున్నాయి! గన్ను గొట్టం కాలిపోయి నీలంగా తిరిగింది! వంతెన మీద శవాలు ఒకదాని మీద ఒకటి..."

అక్కడ ఆగిపోయాడు. బెత్తం గాల్లోనే ఉంది.

కల్నల్ గారు కుర్చీలోంచి లేవలేదు, గొంతు పెంచలేదు. "బసవపున్నయ్యా, తిరిగొచ్చేసరికి అన్నావు. ఎక్కడి నుంచి తిరిగొచ్చావు?" అన్నాడు.

కెప్టెన్ గారు బెత్తం దించి చంకలో పెట్టుకున్నాడు.

"ఆ రాత్రంతా కంపెనీ గట్టు మీదే ఉందని నాకు చెప్పావు. ఎక్కడి నుంచి తిరిగొచ్చావు?"

కెప్టెన్ గారి పెదాలు కదిలాయి.

"గన్ను ఎవరు పేల్చారు?"

వెంకటప్పయ్య గారు గజం బద్ద మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. నేను ఇంకా ముందుకు వెళ్ళి కెప్టెన్ గారి ఎదురుగా, బల్లకి అటువైపు నిలబడ్డాను. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టాను.

"బాలశౌరి మా తమ్ముడండీ. చల్లపల్లిలో మొదటి వరసలో కొత్త చీర కట్టుకుని కూర్చున్నది మా అమ్మ. ఆ రోజు మైకులో చెప్పారుగా, ఇవాళ కూడా చెప్పండి. గన్ను దగ్గర ఎవరున్నారు?"

ఆయన నన్ను అప్పుడు చూశాడు. మొదటిసారి, సరిగ్గా చూశాడు. ఆ చూపు కోసం నేను రెండేళ్ళు ఎదురుచూశాను, అబద్ధం ఎందుకు, నా కడుపు చల్లబడింది.

"వాడే" అన్నాడు.

"పేరు చెప్పండి."

"బాలశౌరి."

"గట్టిగా. మా మాస్టారికి వినపడాలి."

"సిపాయి బాలశౌరి" అన్నాడు. ఆ తర్వాత, ఆపుకోలేనట్టు, మిగతాదంతా వచ్చేసింది. వాళ్ళు చాలామంది వస్తున్నారని కబురు రాగానే చీకట్లో కంపెనీని వెనక్కి లాగేశాడట. ఆ తొందరలో ముగ్గురు పోయారట. వంతెన దగ్గర ఉన్నవాడికి చెప్పడానికి ఎవర్నీ పంపలేదట. "నేను పిలిచేదాకా కదలొద్దని వాడికి చెప్పి ఉన్నాను. పిలవలేదు. పొద్దున చూస్తే వాడు గన్ను మీదే పడి ఉన్నాడు. ఏం చెప్పుకోవాలో తెలియక..."

"చాలు" అన్నాడు కల్నల్ గారు. లేచి, టోపీ తీసుకుని, మాస్టారు పక్కన ఒక్క క్షణం ఆగి, "ఆ కుర్రాడి ఊరి పేరు నాకు చెప్పండి" అని అడిగాడు. మాస్టారు చెప్పారు. ఆయన కెప్టెన్ వైపు చూడకుండానే మెట్లు దిగిపోయాడు. ఆయన వెనకే పాత మిలటరీవాళ్ళు, వాళ్ళ వెనక స్నేహితులు, ఒకరి తర్వాత ఒకరు లేచిపోయారు. ఎవరూ కెప్టెన్ గారితో వెళ్ళొస్తామని కూడా అనలేదు.

ఆయన బల్ల అవతలి నుంచి నాకు చేతులు జోడించాడు. "అమ్మా, ఆ రాత్రి నీకు తెలియదు. నాకూ పిల్లలున్నారు" అన్నాడు.

"మా అమ్మకి కూడా ఉన్నాడండీ ఒకడు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఇక్కడ చెప్పలేను, జాన్‌బాబు వచ్చి నా చెయ్యి పట్టుకుని మెట్లు దించేదాకా అన్నాను. తర్వాత మా గుళ్ళో ఫాదరుగారు, క్షమించమ్మా తెరేసా అని మెత్తగా చెప్పారు. నా వల్ల కాదు ఫాదరుగారూ అని ఆయన మొహం మీదే చెప్పేశాను.

మర్నాడు మొదటి బస్సుకే మా ఊరు వెళ్ళాను. చల్లపల్లిలో దిగి నడుస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు. మాస్టారు అప్పటికే ఊరంతా చెప్పేశారు. అవతలికి జరిగి కూర్చున్నవాళ్ళే ఎదురొచ్చి చేతులు పట్టుకున్నారు. "తమ్ముడి పేరు నిలబెట్టావే" అని సుబ్బరత్నం పిన్ని ముద్దుపెట్టుకుంది. ముందు మా అమ్మకి చెప్పనివ్వండి అని అందర్నీ వాకిట్లోనే ఆపి లోపలికి పరిగెత్తాను. అమ్మకి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు, కూతురే చెప్పాలని మాస్టారు ఆపారట.

అమ్మ వెనక వసారాలో మినుములు చెరుగుతోంది. పక్కన కూలబడి మొదటి నుంచి చివరిదాకా ఒక్క గుక్కలో చెప్పాను. గజం బద్ద, నాలుగు డొప్పలు, కల్నల్ గారు, కెప్టెన్ మొహం, అన్నీ. చెబుతూ నవ్వుతున్నాను, కళ్ళు తుడుచుకుంటున్నాను. అమ్మ చెరగడం ఆపేసింది.

"తెల్లవార్లూ పేల్చాడా?" అంది.

"తెల్లవార్లూ పేల్చాడమ్మా. ఒక్కణ్ణి కూడా దాటనివ్వలేదు."

"పక్కన ఎవరూ లేరా?"

"ఎవరూ లేరు. వీడొక్కడే అంతమందిని ఆపాడు!"

"వాణ్ణి ఎవరూ పిలవలేదా?"

"పిలవలేదు. చెప్పకుండా వదిలేసి పోయారు ముండా కొడుకులు."

అమ్మ చేట కింద పెట్టింది. ఒళ్ళో పడ్డ మినుములు ఒక్కొక్కటే ఏరి చేటలో వేసింది. మెచ్చుకుంటుందని చూస్తున్నాను. రెండేళ్ళుగా ఆవిడ సిగ్గుతో తలదించుకుని బతుకుతోందని నేను అనుకున్నాను, ఇప్పుడు తలెత్తుతుందని చూస్తున్నాను.

"వాడు పరిగెత్తాడని ఆయన చెప్పిన రోజున ఊరంతా ఉమ్మేసింది" అంది అమ్మ. "నాకు మాత్రం అదోలా ఓదార్పుగానే ఉందే. పరిగెత్తితే ఎటు పరిగెత్తుంటాడు? ఇటేగా. నా దగ్గరికేగా. అమ్మా అనుకుంటా వస్తా వస్తా దార్లో పడిపోయాడు, చివరిదాకా ఇల్లే కళ్ళల్లో ఉండుంటది బిడ్డకి, అనుకునేదాన్ని. అదే అనుకుంటా పడుకునేదాన్ని. ఇప్పుడు నువ్వొచ్చి, చీకట్లో ఒక్కడే కూర్చున్నాడంటున్నావు. ఎవరో పిలుస్తారని చూసుంటాడు కదే. తెల్లవార్లూ చూసుంటాడు కదే."

"అమ్మా, వాడు వీరుడమ్మా. పుస్తకంలో రాస్తారు" అన్నాను.

"వీరుడెవడిక్కావాలే?" అంది. అప్పుడు ఏడ్చింది. చల్లపల్లిలో ఏడవనిది, టెలిగ్రాం వచ్చినప్పుడు కూడా అలా ఏడవనిది. నా రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తూ అడిగింది. "ఒక్కసారి చెప్పవే తెరేసా. పరిగెత్తాడని చెప్పవే. అదంతా నువ్వు కోపంతో కల్పించావని చెప్పవే."

వాకిట్లో జనం మాటలు వినపడుతున్నాయి. సుబ్బరత్నం పిన్ని ఎవరికో మా వాడి సంగతి అప్పుడే కథలా చెబుతోంది. నేను లేచి వసారా తలుపు దగ్గరికి వేసి, వచ్చి అమ్మ తల నా భుజానికి ఆనించుకున్నాను.

"పరిగెత్తాడమ్మా" అన్నాను. "గన్ను పారేసి ఇటే పరిగెత్తుకొచ్చాడు."

ఏ మాట వినలేక రెండేళ్ళు పళ్ళు కొరుకుతూ బతికానో, ఆ మాట చివరికి నా నోటితోనే అనిపించాడు ఆ కెప్టెన్.